ట్రాలీ లాగే టైరు వేరు, దున్నే టైరు వేరు

వానాకాలం ముందు నల్లగొండలోనో మిర్యాలగూడలోనో టైర్ల దుకాణం దగ్గర కాసేపు నిలబడితే ఒకే మాట పదిసార్లు వినపడుతుంది. "అన్నా, వెనుక టైర్లు గావాలె. ఏ కంపెనీ మంచిగుంటది?" దుకాణదారు ఒక పేరు చెప్తాడు. రైతు పక్కూరి బావమరిది వాడే ఇంకో పేరు చెప్తాడు. ధర దగ్గర కాసేపు గుంజులాట. సాయంత్రానికి కొత్త టైర్లు ఎక్కించుకొని ట్రాక్టర్ ఊరికి పోతుంది. ఈ బండి ఏడాదిలో ఎన్ని గంటలు మట్టిలో ఉంటుంది, ఎన్ని గంటలు తారు మీద ట్రాలీ లాగుతుంది అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగరు.

మా ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు. హాలియా దగ్గర సాగర్ ఎడమ కాల్వ కింద మాకు వరి పొలం ఉంది. బురదలో జారకూడదని మా నాయిన ఏరి మరీ లోతు బటన్ల (టైరు మీద పొడుచుకొచ్చిన రబ్బరు కమ్మీల) టైర్లు తెచ్చాడు. కరిగెటలో, అంటే నాటుకు ముందు మడిని బురదగా దున్నేటప్పుడు, బండి బ్రహ్మాండంగా నడిచింది. కానీ వానాకాలం, యాసంగి రెండూ కలిపినా కరిగెట నడిచేది నెలన్నర. మిగతా రోజులన్నీ వడ్లు, గడ్డి, మొరం, ఇటుక కిరాయిలే. మూడో ఏడు తిరిగేసరికి బటన్లు అంచుల దగ్గర గుండు కొట్టినట్టు అరిగిపోయాయి. "కంపెనీ మోసం చేసింది" అని నాయిన, "రోడ్డు మీద ఉరికిచ్చిండ్రు" అని దుకాణదారు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. టైరు తాను చేయాల్సిన పని చేసింది, మేమే దానికి వేరే పని చెప్పాం.

ట్రాక్టర్‌ను మనం దున్నే యంత్రం అనుకొని కొంటాం. నిజానికి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చాలా బండ్లు ఎక్కువ గంటలు లాగుడు బండ్లే. కల్లం నుంచి వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు, అక్కడి నుంచి మిల్లుకు, వాగు నుంచి ఇసుక, గుట్ట నుంచి మొరం. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాక పాలమూరులో ఇంకో చిక్కు చేరింది. ఒకప్పుడు ఎర్ర చెల్కలు మాత్రమే దున్నిన బండి ఇప్పుడు పొద్దున రాళ్ల చెల్కలో గొర్రు కొట్టి, మధ్యాహ్నం వరి మడిలో దిగి, రాత్రి పత్తి ట్రాలీతో జడ్చర్ల రోడ్డెక్కుతోంది. మూడు నేలలకూ సరిపోయే టైరు ఏ కంపెనీ దగ్గరా లేదు. కాబట్టి ఏదో ఒకచోట రాజీ పడక తప్పదు. అది ఎక్కడ పడాలో తెలియాలంటే ముందు ట్రాలీ బరువు ట్రాక్టర్‌ను ఏం చేస్తుందో చూడాలి.

కొక్కెం దగ్గర జరిగేది

మన దగ్గర ఎక్కువగా కనపడేది రెండు చక్రాల ట్రాలీ. దాని ఇరుసు నడుమ కన్నా కాస్త వెనక్కి ఉంటుంది. అందుకే బరువులో కొంత భాగం ముందుకు వచ్చి ట్రాక్టర్ కొక్కెం మీద కూర్చుంటుంది. నాలుగు చక్రాల ట్రాలీలో బరువంతా దాని చక్రాల మీదే ఉంటుంది, కొక్కెం మీద లాగుడు తప్ప మోత పెద్దగా ఉండదు.

ఒక లెక్క వేద్దాం. ఖాళీ ట్రాలీ 1,300 కిలోలు అనుకుందాం. 40 కిలోల వడ్ల బస్తాలు వంద వేస్తే 4,000 కిలోలు. మొత్తం 5,300. ఇందులో 800 కిలోలు కొక్కెం మీద పడితే మిగిలిన 4,500 ట్రాలీ రెండు టైర్లు మోయాలి, అంటే ఒక్కోటి 2,250 కిలోలు.

ఇప్పుడు ట్రాక్టర్ వైపు చూద్దాం. బండి 2,000 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 800, వెనుక ఇరుసు మీద 1,200 అనుకుందాం. రెండు ఇరుసుల మధ్య 2 మీటర్లు, కొక్కెం వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్ల వెనకాల. కొక్కెం మీద 800 కిలోలు పడితే వెనుక ఇరుసు మీద పెరిగేది 800 కాదు, 1,040. ఆ అదనపు 240 ముందు ఇరుసు నుంచి వచ్చింది. కొక్కెం ఇరుసుకు వెనకాల ఉంది కాబట్టి, పిల్లలాడే ఊగుడు బల్లలా వెనుక కుంగిన కొద్దీ ముందు లేస్తుంది. వెనుక ఇరుసు మీద ఇప్పుడు 2,240, అంటే టైరుకు 1,120 కిలోలు. ముందు మిగిలింది 560 మాత్రమే. చెరువు కట్ట ఎక్కేటప్పుడు లాగుడు వల్ల ఇంకా తేలికవుతుంది. స్టీరింగ్ తిప్పినా బండి తిరగకుండా నేరుగా పోతోందని డ్రైవర్లు చెప్పేది దీన్నే. మూడు గీతల ముందు టైరు అరిగి గుండై ఉంటే ఆ 560 కిలోలకు రోడ్డు మీద పట్టే ఉండదు. "చిన్న టైర్లే కదా" అని వాటిని చివరిదాకా అరగదీయడం మన అలవాటు. లాగుడు బండికి ముందు మార్చాల్సినవి అవే.

లాగడం కంటే ఆగడం కష్టం. మామూలు ట్రాక్టర్‌కు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. అంటే ట్రాక్టర్, ట్రాలీ కలిపి 7,300 కిలోలను ఆపాల్సింది ఆ రెండు వెనుక టైర్లే. వాటి మీద ఉన్న బరువు 2,240. ఎండిన తారు మీద రబ్బరు పట్టు 0.65 అనుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి బ్రేకు తొక్కాక ఆగడానికి 18 మీటర్ల దాకా కావాలి. డ్రైవర్ తేరుకునే ఒక్క సెకనులో పోయే 8 మీటర్లు దీనికి అదనం. తడి రోడ్డు మీద పట్టు 0.4కు దిగితే బ్రేకు దూరమే 29 మీటర్లు. అదే వేగంలో కారు ఎండిన రోడ్డు మీద ఐదారు మీటర్లలో ఆగుతుంది. ఇవి కాగితం మీది అంకెలే, బండిని బట్టి మారతాయి. కానీ ట్రాలీ ముందుకు కారు దూర్చే కుర్రాళ్లు ఒక్కసారి ఈ లెక్క చూస్తే బాగుండు. ఇంకో సంగతి: పొలంలో మలుపుల కోసం కుడి ఎడమ బ్రేకు పెడళ్లు విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే పట్టీ వేయకపోతే ఒక్క చక్రమే ఆగి, వెనుక ట్రాలీ తోసి, బండి అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన టైరున్నా ఏమీ చేయలేదు.

టైరు గోడ మీద రాసిందేమిటి

13.6-28 అని ఉంటే టైరు వెడల్పు సుమారు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. మధ్యలో గీత ఉంటే అది పాత పద్ధతి అడ్డ పొరల టైరు, గీత బదులు ఆర్ అక్షరం ఉంటే రేడియల్. రేడియల్‌కు ఇప్పుడు కొత్త పద్ధతి పేర్లూ వస్తున్నాయి: 13.6ఆర్28 బదులు 340/85ఆర్28, 14.9ఆర్28 బదులు 380/85ఆర్28, 16.9ఆర్28 బదులు 420/85ఆర్28. పేరు వేరైనా రిమ్ము అదే.

పీఆర్ (ప్లై రేటింగ్) అనే అంకె మీద చాలామందికి అపోహ ఉంది. 12పీఆర్ అంటే లోపల పన్నెండు పొరలు ఉన్నాయని కాదు. ఒకప్పుడు నూలు గుడ్డ పొరలతో టైర్లు చేసే రోజుల్లో అన్ని పొరలు ఇచ్చే బలం ఈ టైరుకు ఉందని అర్థం. ఇప్పటి నైలాన్ పొరలు తక్కువే ఉన్నా బలం అంతే. పీఆర్ పెరిగితే ఎక్కువ గాలి పట్టి ఎక్కువ మోస్తుంది, దాంతో పాటు గోడ గట్టిపడుతుంది. మెత్తటి మడిలో గట్టి గోడ మంచిది కాదు, అది చదునుగా పరుచుకోదు.

అన్నిటికన్నా పనికొచ్చేది లోడ్ ఇండెక్స్. రెండు మూడు అంకెల నంబరు, పక్కన వేగం గుర్తు. 112 అంటే 1,120 కిలోలు, 121 అంటే 1,450, 136 అంటే 2,240, 137 అంటే 2,300. మన లెక్కలో వెనుక టైరు మీద సరిగ్గా 1,120 పడింది. అంటే 112 ఉన్న టైరు కొలతకు కొలత, మిగులు ఏమీ లేదు. గుంతలో పడిన క్షణంలో బరువు రెట్టింపయినట్టు దెబ్బ తగులుతుంది కాబట్టి పైమెట్టు తీసుకోవాలి. ట్రాలీకి 2,250 కావాలి, 136 పది కిలోల తేడాతో తప్పుతుంది, 137 అయినా ఒడ్డున పడ్డట్టు కాదు. వంద బస్తాల మీద ఇంకో ఇరవై వేసే అలవాటుంటే లెక్క అక్కడే చెడుతుంది. ఇండెక్స్ నంబరు లేని ట్రాలీ టైర్ల మీద గరిష్ఠ బరువు కిలోల్లోనే రాసి ఉంటుంది, వెతికి చదవాలి.

వేగం గుర్తు ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40. ఆ బరువు ఆ వేగం దాకే. రాత్రిపూట ఖాళీ రోడ్డు చూసి ట్రాలీని అంతకు మించి ఉరికించే డ్రైవర్, టైరు ఇచ్చిన మాటను తానే రద్దు చేసుకున్నట్టు.

ఇక తయారీ తేదీ. చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ట్రాక్టర్ టైర్లు అరిగే కాదు, ఎండకు పగిలి కూడా చస్తాయి. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. దుకాణం బయట ఎండలో రెండేళ్లు పేర్చి ఉన్న టైరును "కొత్తదే, ముళ్లు కూడా పోలే" అని అమ్మితే ఆ రబ్బరు వెంట్రుకలు చూసి మోసపోకూడదు, అంకెలు చూడాలి. ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. కాబట్టి బిల్లు అడగడానికి ఇప్పుడు వెనుకాడాల్సిన పని లేదు. వారంటీకి ఆ కాగితమే దిక్కు.

బటన్ల సంగతి

వెనుక టైరు బటన్లకు ప్రపంచమంతా వాడే గుర్తులున్నాయి. ఆర్-1 మామూలు వ్యవసాయపు టైరు. ఆర్-1డబ్ల్యు దానికన్నా సుమారు పావు వంతు లోతు, తడి నేలకు. ఆర్-2 చెరకు, వరి మడులకు చేసింది, ఆర్-1కు దాదాపు రెట్టింపు లోతు. ఆర్-4 గట్టి నేల మీద పనిచేసే యంత్రాలకు, బటన్లు వెడల్పు, లోతు తక్కువ. ముందు టైరుకు మూడు గీతల ఎఫ్-2 మామూలు.

లోతు ఎక్కువుంటే మన్నిక ఎక్కువ అనుకోవడం సహజం. మా నాయిన చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. పొడుగ్గా, దూరదూరంగా ఉన్న బటన్ బురదలోకి దిగి అడుగు గట్టి నేలను పట్టుకుంటుంది, బయటికి వచ్చేటప్పుడు మట్టిని విదిల్చుకుంటుంది. అదే బటన్ తారు మీద నిలబడితే బండి బరువంతా ఆ నాలుగు కొమ్ముల మీదే. ప్రతి చుట్టులో బటన్ వంగుతుంది, జారుతుంది, రాసుకుంటుంది. వంగితే వేడి, రాసుకుంటే అరుగుడు. ఎత్తు ఎక్కువైన కొద్దీ వంపు ఎక్కువ. అందుకే లోతైన బటన్ తారు మీద మామూలు బటన్ కన్నా ముందు అరిగిపోతుంది. రోడ్డు కోసమైతే వెడల్పాటి బటన్లు, దగ్గరదగ్గరగా, నడుమ ఒకదాని మీదికి ఇంకొకటి వచ్చేలా ఉండాలి. అప్పుడు ఒక బటన్ నేల వదలకముందే ఇంకొకటి ఆనుతుంది, బండి అదరదు, సీటు కింద నడుము కూడా బతుకుతుంది.

కంపెనీలన్నీ ఈ రెండు రకాలూ అమ్ముతాయి. ఎంఆర్‌ఎఫ్ శక్తి, అపోలో కృషక్, గుడ్‌ఇయర్ వజ్ర సూపర్, జేకే సోనా, సియట్ ఆయుష్మాన్ లాంటి పేర్లు మన దగ్గర అందరికీ తెలుసు. ఒకే కంపెనీలో ఒక మోడల్ దుక్కికి, ఇంకొకటి హాలేజ్‌కు, అంటే ట్రాలీ లాగుడుకు, అని ఉంటాయి. దుకాణంలో "మీ దగ్గర హాలేజ్ మోడల్ ఏది?" అని అడిగితే మాట దారిలో పడుతుంది.

బటన్లకు దిశ ఉంటుంది. బండి వెనక నిలబడి చూస్తే బటన్ల మొన పైకి ఉండాలి. పంచర్ వేసి హడావిడిలో తిరగేసి బిగించిన టైర్లు ఎన్ని చూశానో. గోడ మీద బాణం గుర్తు ఉంటుంది, అయినా చూడరు.

రేడియలా, మామూలుదా

అడ్డ పొరల టైరులో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఏటవాలుగా ఉంటాయి. గోడా, నేలకు ఆనే తలమూ ఒకే ముద్దగా కదులుతాయి. రేడియల్‌లో పొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా పోతాయి, తలం కింద వేరే పట్టీ ఉంటుంది. అందువల్ల గోడ వంగినా తలం చదునుగా నేల మీద పరుచుకుంటుంది. నేలను తాకే పాదం పొడవు పెరుగుతుంది, జారుడు తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది, రోడ్డు మీద వేడి తక్కువ. లాగుడుకు రేడియల్ మంచిదని చెప్పడానికి నాకు సందేహం లేదు.

మరి అందరూ ఎందుకు వేయరు? ధర ఒక కారణం. రెండోది మన నేల. పాలమూరు చెల్కల్లో కంకర రాళ్లు, పత్తి కోసిన చేన్లలో ఈటెల్లా నిలబడ్డ మొదళ్లు. రేడియల్ గోడ పలుచన, అది కోసుకుపోతే అతుకు వేయడం కష్టం. మూడోది గాలి. రేడియల్ కడుపు కాస్త ఉబ్బినట్టు కనపడటం దాని సహజ గుణం. మన పంచర్ దుకాణంలో అది చూసి "గాలి తక్కువుంది తమ్మీ" అని నింపేస్తారు. నింపాక అది మామూలు టైరులానే పనిచేస్తుంది, మీరు పెట్టిన అదనపు డబ్బు గాలికి పోయినట్టే. గేజీ పెట్టి చూసే ఓపిక ఉన్నవాళ్లకు, ఏడాదిలో సగానికి మించి తారు మీద తిరిగే బండికి రేడియల్ పెట్టమంటాను. పత్తి చేన్లలో తిరిగే బండికి మామూలుదే నయం. ఒకే ఇరుసుకు ఒకవైపు రేడియల్, ఇంకోవైపు మామూలుది మాత్రం ఎప్పుడూ వద్దు.

గాలి, నీళ్లు

టైరు మోసేది రబ్బరుతో కాదు, లోపలి గాలితో. పొలంలో వెనుక టైర్లకు 12 పీఎస్‌ఐ దరిదాపుల్లో, ట్రాలీ లాగేటప్పుడు 16 నుంచి 20 మధ్య మామూలుగా పెట్టే కొలత. మీ బండి పుస్తకంలో ఉన్న అంకె దీనికి పైమాట. మా టైర్లు అంచుల్లో అరగడానికి సగం కారణం ఇక్కడే ఉంది. కరిగెటకు తగ్గించిన గాలితోనే మేం ఏడాదంతా మిర్యాలగూడ రోడ్డు మీద తిరిగాం. గాలి తక్కువైతే టైరు నడుమ లోపలికి పోయి అంచులు అరుగుతాయి, ఎక్కువైతే నడుమ అరుగుతుంది. అరుగుడు చూసి డ్రైవర్ అలవాటు చెప్పొచ్చు.

గాలి పొద్దున బండి కదలకముందే చూడాలి. ఎండలో పది కిలోమీటర్లు పోయాక చూస్తే వేడికి పెరిగిన అంకె కనపడుతుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లబడ్డాక తక్కువ పడుతుంది.

నీళ్ల విషయంలో వాదనలకు అంతు లేదు. చెల్కలో గొర్రు లాగేటప్పుడు చక్రం తిరుగుతూ బండి కదలకపోతే టైర్లలో నీళ్లు కొట్టిస్తారు. వాల్వును పైకి పెట్టి ముప్పావు వంతు దాకా నింపడం పద్ధతి. 13.6-28 టైరులో ఒక్కోదానికి 150 లీటర్ల పైనే పడతాయి, అంటే బండికి 300 కిలోల బరువు చేరినట్టు. పొడి దుక్కికి ఇది చవకైన ఉపాయం. వరి మడిలో అదే బరువు బండిని దిగబెడుతుంది. రోడ్డు మీద? గాలికి మిగిలిన చోటు పావు వంతే కాబట్టి గుంతలో పడ్డప్పుడు టైరు అణగదు, దెబ్బ నేరుగా ఇరుసుకూ నడుముకూ తగులుతుంది. పైగా నిండు ట్రాలీ ఉంటే వెనుక ఇరుసు మీద ఎలాగూ బరువు పడుతోంది, కొరత ఉన్నది ముందు. లాగుడు బండికి వెనుక నీళ్ల కన్నా ముందు ఇనుప బిళ్లలు ఎక్కువ అవసరం.

నీళ్లు కావాలా వద్దా అన్నది ఊహతో తేల్చక్కర్లేదు. వెనుక టైరు మీద సుద్దతో గీత గీయండి. గొర్రు లాగుతూ పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో నేల మీద గుర్తు పెట్టండి. గొర్రు ఎత్తి అదే దూరం మళ్లీ నడపండి. తొమ్మిది చుట్లకే చేరితే జారుడు 10 శాతం, ఎనిమిదిన్నరకు చేరితే 15 శాతం. దుక్కిలో ఈ రెండింటి మధ్య ఉంటే బాగున్నట్టే. ఎనిమిదికి దిగిందంటే డీజిల్, రబ్బరు రెండూ మట్టిపాలు అవుతున్నాయి, బరువు పెంచాలి. అసలు జారనే లేదంటే అనవసరపు బరువు మోస్తున్నారు.

నాలుగు చక్రాలూ ఇంజన్ బలంతో తిరిగే (ఫోర్ వీల్ డ్రైవ్) ట్రాక్టర్లు ఈమధ్య ఊళ్లలో పెరిగాయి. వాటిలో ముందు చక్రాలు వెనుక వాటికన్నా 1 నుంచి 5 శాతం దాకా వేగంగా తిరిగేలా గేర్లు కూర్చి ఉంటాయి. వెనుక టైర్లు కొత్తవి వేసి ముందువి అరిగినవే ఉంచితే, లేదా దొరికిన సైజు వేస్తే ఆ లెక్క తప్పుతుంది. ముందూ వెనుకా ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు దెబ్బతింటాయి. తారు మీద ముందు చక్రాల లాగుడును లీవర్‌తో ఆపేయాలి, లేకపోతే ముందు టైర్లు చూస్తుండగానే అరిగిపోతాయి.

ట్రాలీ టైర్లు, రీబటన్

ట్రాలీకి ఎక్కువగా వాడేది 9.00-16, చిన్నవాటికి 7.50-16. వీటికి లాగే పని లేదు, మోయడమే. కాబట్టి ఇక్కడ బటన్ల గొడవ వద్దు, గీతల టైరు, ఎక్కువ పీఆర్, రాసినంత గాలి, ఇంతే. రీబటన్ టైరు (అరిగినదాని మీద కొత్త పట్టా వేసినది) ట్రాలీకి వేయొచ్చా అంటే, నిదానంగా పోయే బండికి, లోపలి గోడ బాగున్న టైరు అయితే వేయొచ్చు. ట్రాక్టర్ ముందు చక్రాలకు మాత్రం వద్దు, అక్కడ పట్టా ఊడితే స్టీరింగ్ మీ చేతిలో ఉండదు.

బొలెరో పికప్‌ల సంగతి కాస్త వేరు. పట్టణాల్లో స్లాబు రోజు వాటి వెనుక మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం), బావుల దగ్గర కంప్రెసర్ తగిలించుకొని పోవడం చూస్తాం. 215/75ఆర్15 లాంటి టైరు మీద 100 అని ఉంటే ఒక్కోటి 800 కిలోలు, వెనుక రెండింటికి 1,600. వెనుక తగిలించిన బండి బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండేలా చూసుకోవడం మంచి పద్ధతి, తక్కువైతే వెనుక బండి పాములా ఊగుతుంది. 1,000 కిలోల మిల్లర్ అయితే వంద నుంచి నూట యాభై కిలోలు. పికప్ డబ్బాలో సిమెంటు బస్తాలు నిండా వేసి, పైగా మిల్లర్ తగిలిస్తే 1,600 దాటడం ఎంతసేపు? చవకగా దొరికిందని కారు టైరు వేసిన పికప్‌లో ఆ బరువుకు మెత్తటి గోడలు పక్కకు ఊగుతాయి, డ్రైవర్‌కు స్టీరింగ్ టెన్షన్. బరువు బండ్ల కోసం చేసిన టైరే వేయాలి. ఈ బండ్ల టైరు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెప్తాయి. గీతల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, తలం అరిగి వాటితో సమానం అయిందంటే ఆ లోతుకు వచ్చినట్టే.

మా ఇంటి సంగతికి వస్తే, ఈసారి మామూలు లోతు ఆర్-1 టైర్లు, హాలేజ్ మోడల్ వేశాం. మరి కరిగెట? టైర్ల పక్కన బిగించే ఇనుప కేజ్ వీల్స్ కొన్నాం. గాలి టైర్లు రాకముందు, అంటే 1930ల దాకా, అమెరికాలో కూడా ట్రాక్టర్లు ఇనుప చక్రాల మీదే నడిచాయి. మనం ఆ ఇనుమును ఏడాదిలో నెలన్నరకు వెనక్కి తెచ్చుకుంటున్నాం. వాటితో తారు మీద నడిపితే రోడ్డు చీలిపోతుంది, అధికారులు జరిమానా వేస్తారు, వేయాల్సిందే కూడా. కాబట్టి ట్రాలీలో వేసుకొని పోయి గట్టు మీద బిగించాలి, పని అయ్యాక విప్పాలి. ఇద్దరు మనుషులకు అరగంట పడుతుంది. ఆ అరగంట గురించి మా నాయిన బోల్టు బిగిస్తూ ఒకసారి, విప్పుతూ ఒకసారి నన్ను తిడుతూనే ఉన్నాడు.